యుద్ధకాలపు నర్సు: పొగడ్తకూ హక్కుకూ మధ్య

1919 డిసెంబరు 23న బ్రిటన్‌లో రెండు చట్టాలకు ఒకే రోజు రాజముద్ర పడింది. ఒకటి నర్సుల రిజిస్ట్రేషన్ చట్టం. నర్సులకంటూ ప్రభుత్వ రిజిస్టరు ఉంటుందని, అందులో పేరెక్కాలంటే ఇంత శిక్షణ కావాలని అది నియమం పెట్టింది. రెండోది, ఆడమనిషి అన్న కారణంతో ఎవరినీ వృత్తులకూ ప్రభుత్వ కొలువులకూ దూరం పెట్టరాదన్న చట్టం. మొదటి ప్రపంచ యుద్ధం ఆగి అప్పటికి పదమూడు నెలలు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక కథ తేలిగ్గా అల్లుకుంటుంది. యుద్ధంలో ఆడవాళ్లు సేవ చేశారు, దేశం కృతజ్ఞతతో వాళ్లకు హక్కులిచ్చింది. నర్సుల దినోత్సవం నాటి ఉపన్యాసాల్లో ఏటా వినిపించేది ఈ కథే.

అందులో నిజం లేకపోలేదు. కాకపోతే తేదీలు ఇంకో సంగతి కూడా చెబుతాయి. నర్సులకు రిజిస్టరు కావాలంటూ ఎథెల్ బెడ్‌ఫర్డ్ ఫెన్విక్ సంఘం పెట్టింది 1887లో. చట్టం వచ్చేసరికి ముప్పై రెండేళ్లు గడిచాయి. అమెరికా అంతర్యుద్ధంలో క్షతగాత్రులను చూసుకున్న స్త్రీలకు పింఛను మంజూరైంది యుద్ధం ముగిసిన ఇరవై ఏడేళ్లకు. 1914 నుంచి 1918 దాకా ఫ్రెంచి స్త్రీలు వేలాదిగా ఆస్పత్రుల్లో పనిచేశారు. వాళ్లకు ఓటు దక్కింది 1944లో, మరో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా. హక్కులు తెచ్చేది కృతజ్ఞతే అయితే ఇంత ఆలస్యం ఎందుకైనట్టు?

నాకు అర్థమైనంతలో యుద్ధం చేసింది అవసరాన్ని పుట్టించడం. ఆ అవసరం ఉన్నంతకాలం తలుపులు తెరుచుకున్నాయి, తీరగానే చాలాచోట్ల మళ్లీ మూసుకున్నాయి. ముందే సంఘం కట్టుకుని, అడగాల్సింది కాగితం మీద సిద్ధంగా పెట్టుకున్నవాళ్లు మాత్రం ఆ కాస్త వ్యవధిలో తమ పనిని చట్టంలోకి, జీతాల పట్టికలోకి, హోదాల జాబితాలోకి ఎక్కించుకోగలిగారు. అలా ఎక్కనిది పొగడ్తగానే మిగిలింది. నూట డెబ్భై ఏళ్ల ఈ చరిత్రను ఆ కోణం నుంచే చూడాలని నా ఉద్దేశం.

స్కుటారీలో మొదలైనది

క్రిమియా యుద్ధానికి ముందు ఇంగ్లండు ఆస్పత్రుల్లో నర్సు అంటే చాలీచాలని కూలికి పనిచేసే పేద స్త్రీ. శిక్షణ ఉండేది కాదు. డికెన్స్ తన నవలలో సృష్టించిన శారీ గాంప్ అనే తాగుబోతు నర్సు ఆ కాలపు వెక్కిరింతకు గుర్తుగా నిలిచిపోయింది. రాత్రంతా రోగుల మలమూత్రాలెత్తి, తెల్లారి అదే గదిలో ఓ మూల వండుకు తిన్న ఎందరో స్త్రీలకు ఆ బొమ్మ వల్ల అన్యాయం జరిగిందనే అనుకుంటాను. సైన్యంలోనైతే ఆ పని కూడా ఆడవాళ్లకు లేదు. ఆర్డర్లీలో, కాస్త కోలుకున్న సిపాయిలో చూసుకునేవాళ్లు.

1854లో యుద్ధరంగం నుంచి టైమ్స్ పత్రికలో వచ్చిన వార్తలు ఇంగ్లండును కుదిపేశాయి. గాయపడ్డవాళ్లకు కట్టు కట్టే దిక్కు లేదని జనానికి అలా తెలిసింది. యుద్ధ వ్యవహారాల మంత్రి సిడ్నీ హెర్బర్ట్ కోరిక మీద ఫ్లారెన్స్ నైటింగేల్ 38 మంది స్త్రీలతో బయల్దేరి, నవంబరు మొదట్లో బాస్ఫరస్ ఒడ్డున ఉన్న స్కుటారీ బారక్ ఆస్పత్రికి చేరింది. అప్పటికి ఆమెకు ముప్పై నాలుగేళ్లు. సంపన్న కుటుంబం. నర్సు పని నేర్చుకుంటానంటే ఇంట్లోవాళ్లు ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు.

అక్కడ మిలిటరీ డాక్టర్లు ఆ స్త్రీలను వార్డుల్లోకి రానివ్వలేదు. ఆమె గొడవ పడలేదు, డాక్టరు పిలిస్తే తప్ప ఎవరూ వార్డులో కాలు పెట్టకూడదని తనవాళ్లనే కట్టడి చేసింది. కొద్ది రోజుల్లోనే ఇంకర్మన్ యుద్ధంలో గాయపడ్డవాళ్లు ఓడల మీద వచ్చిపడ్డారు. డాక్టర్లే పిలవక తప్పలేదు. ఆ తర్వాత ఆమె చేసిన పనిలో దీపం పట్టుకుని తిరగడం చిన్న భాగం. పెద్ద భాగం సరఫరా. దుప్పట్లు, చొక్కాలు, పళ్లాలు, జావ కాచుకునే పొయ్యిలు, బట్టలు ఉడికించే బాయిలర్లు ఆమె చూసుకుంది. టైమ్స్ పాఠకులు పోగుచేసిన చందా డబ్బు చేతిలో ఉండబట్టి, సైన్యం స్టోర్సు వాళ్లు ఫైళ్లు తిప్పుతుండగానే ఆమె ఇస్తాంబుల్ బజారులో కొని తెప్పించేది.

అయినా చావులు తగ్గలేదు. 1855 ఫిబ్రవరిలో స్కుటారీలో మరణాల రేటు 42 శాతానికి చేరింది. మార్చిలో లండన్ నుంచి పారిశుద్ధ్య సంఘం వచ్చింది. భవనం కింద నిండిపోయిన మురుగు కాలువలు కడిగించింది, జంతు కళేబరాలు తీయించింది, గోడలకు సున్నం వేయించింది, వార్డుల్లోకి గాలి ఆడేలా చేసింది. జూన్ నాటికి మరణాల రేటు 2 శాతం. ఇందులో ఘనత ఎవరిదన్న వాదన చరిత్రకారుల్లో ఇప్పటికీ ఉంది. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది యుద్ధం తర్వాత ఆమె చేసిన పని. గణాంక శాస్త్రవేత్త విలియం ఫార్‌తో కూర్చుని ఆ లెక్కలన్నీ తిరగేసింది. సిపాయిల్లో ఎక్కువమందిని చంపింది తూటాలు కావు, నివారించగలిగిన జబ్బులని తేల్చింది. దాన్ని మంత్రులు ఒక్క చూపులో గ్రహించేలా రంగుల వృత్త చిత్రాలుగా గీయించింది. నర్సు పనికి ఆధారం జాలి ఒక్కటే చాలదు, లెక్క కూడా కావాలని అప్పుడే రుజువైంది.

ఆ లెక్కల బుద్ధే ఆమెను మన దేశం వైపు కూడా తిప్పింది. భారతదేశంలోని సైన్యం ఆరోగ్యం మీద వేసిన రాయల్ కమిషన్ కోసం ఆమె ఏళ్ల తరబడి పనిచేసింది. గోదావరి జిల్లాలు కాటన్ దొరగా కొలిచే సర్ ఆర్థర్ కాటన్‌తో ఉత్తరాలు నడిపింది. కరువుకు కాలువలే మందని ఆయన పక్షాన వాదించింది. ధవళేశ్వరం ఆనకట్టకూ స్కుటారీ మురుగు కాలువకూ ఆమె ఆలోచనలో సంబంధం ఉంది. రెండుచోట్లా ఆమె అడిగింది, ప్రాణాలు పోకముందే అడ్డుకునే మార్గం ఏదని.

1860లో ప్రజల చందా నిధితో లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో నైటింగేల్ శిక్షణాలయం మొదలైంది. వృత్తి చరిత్రలో అసలు మలుపు ఇదే. నర్సు ఇక కూలి మనిషి కాదు, చదువుకుని సర్టిఫికెట్ తెచ్చుకున్న మనిషి. ఆమె మీద అజమాయిషీ మేట్రన్‌ది, అంటే మరో స్త్రీది. పెద్ద సంస్థలో ఒక విభాగం మొత్తం స్త్రీ చేతికింద నడవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

కానీ ఆ పునాదిలో ఒక పగులు కూడా ఉంది. విధేయత, శీలం, త్యాగం అన్నవాటినే నర్సుకు ప్రథమ లక్షణాలుగా పెట్టారు. నర్సు గుణాన్ని పరీక్ష పెట్టి కొలవలేమంటూ నైటింగేల్ రిజిస్ట్రేషన్‌ను చివరిదాకా వ్యతిరేకించింది. 1867లో జాన్ స్టువర్ట్ మిల్ ఓటుహక్కు సంఘంలోకి పిలిస్తే, పెళ్లయిన స్త్రీకి సొంత ఆస్తి లేకపోవడం వంటివి ముందు చక్కబడాలంటూ వెనకాడింది, తర్వాత చేరింది. ఆమెను తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. నర్సుకు చదువు ఇచ్చిన పద్ధతే నర్సు జీతం అడగడాన్ని తప్పుగా చూపే పద్ధతి కూడా అయింది. ఆ బరువు ఈనాటికీ దిగలేదు.

స్కుటారీ కథలో ఇంకొకరున్నారు. జమైకాలోని కింగ్‌స్టన్‌లో పుట్టిన మేరీ సీకోల్. తల్లి దగ్గర వైద్యం నేర్చుకుని, పనామాలో కలరా రోగులను చూసుకున్న అనుభవం ఆమెది. క్రిమియాకు నర్సుగా వెళ్తానని లండన్‌లో అడిగితే ఎవరూ తీసుకోలేదు. నల్లజాతి స్త్రీ కావడమే కారణమేమోనన్న అనుమానాన్ని ఆమె తన ఆత్మకథలో దాచుకోలేదు. సొంత ఖర్చుతో వెళ్లి, బాలక్లావా దగ్గర బ్రిటిష్ హోటల్ పేరుతో దుకాణం పెట్టి, సిపాయిలకు భోజనంతోపాటు మందూ కట్టూ ఇచ్చింది. యుద్ధం ముగిసేసరికి దివాలా తీసింది. ఆత్మకథకు 1857లో మంచి పేరొచ్చింది. తర్వాత శతాబ్దం పాటు ఆమెను మరిచిపోయారు. విగ్రహం నిలిచింది 2016లో, అదీ సెయింట్ థామస్ ఆస్పత్రి ఆవరణలో.

పన్నెండు డాలర్లు

1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలైనప్పుడు ఉత్తరాది సైన్యం నర్సుల పర్యవేక్షణ డొరొథియా డిక్స్‌కు అప్పగించింది. పిచ్చాస్పత్రుల సంస్కరణకు జీవితం ధారపోసిన మనిషి ఆమె. ముప్పై దాటినవాళ్లు, సాదాసీదాగా కనిపించేవాళ్లు, గోధుమ లేదా నలుపు రంగు బట్టలు కట్టుకునేవాళ్లు మాత్రమే రావాలని షరతు పెట్టింది. సిపాయిల మధ్య వయసు పిల్లలు పనిచేస్తే లోకం ఏమంటుందో అన్న భయమే ఆ షరతుల వెనక ఉంది. జీతం రోజుకు 40 సెంట్లు, అంటే నెలకు సుమారు 12 డాలర్లు. అదే పని చేసిన మగవాళ్లకు దాదాపు 20 డాలర్లు దక్కేవి.

ఉత్తరాది ఆస్పత్రుల్లో 20 వేల మందికి పైగా స్త్రీలు పనిచేశారు. లూయిజా మే ఆల్కాట్ ఆరు వారాలు తిరక్కుండానే టైఫాయిడ్‌తో ఇల్లు చేరి, ఆ అనుభవాన్ని పుస్తకంగా రాసింది. క్లారా బార్టన్ ఏ సంస్థలోనూ చేరకుండా బండి నిండా కట్లూ మందులూ వేసుకుని నేరుగా యుద్ధభూమికి వెళ్లింది. యాంటీటమ్‌లో ఆమె ఒక సిపాయికి నీళ్లు తాగిస్తుండగా తూటా ఆమె చొక్కా చేతిలోంచి దూసుకెళ్లి అతన్ని చంపింది. అమెరికన్ రెడ్‌క్రాస్ 1881లో ఆమె చేతుల మీదుగా పుట్టింది. యుద్ధం ముగిసిన ఎనిమిదేళ్లకు, 1873లో న్యూయార్క్, న్యూహేవెన్, బోస్టన్ నగరాల్లో నైటింగేల్ నమూనా శిక్షణాలయాలు మొదలయ్యాయి.

పింఛను సంగతి చూడండి. 1892 ఆగస్టులో వచ్చిన చట్టం నెలకు 12 డాలర్లు ఇస్తామంది. ఆరు నెలలు పనిచేసి ఉండాలి, అధికారికంగా నియమితులై ఉండాలి. ఈ రెండో షరతులోనే మోసపోయినవాళ్లున్నారు. నల్లజాతి స్త్రీలను చాలామందిని రికార్డుల్లో వంటమనిషి అనో, చాకలి అనో రాశారు. సూజీ కింగ్ టేలర్ నల్లజాతి సైనికుల రెజిమెంటుతో ఉండి గాయాలకు కట్లు కట్టింది, సిపాయిలకు చదువు చెప్పింది. కాగితం మీద ఆమె బట్టలుతికే మనిషి. చేసిన పని కన్నా కాగితం మీద రాసిన పేరే హక్కును తేల్చడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

1898లో స్పెయిన్‌తో యుద్ధం వచ్చినప్పుడు అమెరికా శిబిరాల్లో టైఫాయిడ్ విరుచుకుపడింది. యుద్ధంలో కన్నా జబ్బులతో పోయినవాళ్లే ఎక్కువ. డాక్టర్ అనితా న్యూకోంబ్ మెగీ శిక్షణ పొందిన నర్సులనే కాంట్రాక్టు మీద తీసుకుంది. వాళ్ల పని చూశాకే 1901లో సైన్యంలో శాశ్వత నర్సింగ్ దళం ఏర్పడింది. కానీ ఆ దళం స్త్రీలకు మాత్రమే. మగ నర్సుకు అందులో చోటు దొరికింది 1955లో. నర్సు పని అంటే ఆడవాళ్ల పని అన్న ముద్ర అలా చట్టంలోకే ఎక్కింది. ఆడవాళ్ల పని అనగానే జీతం తగ్గిపోవడం ఎక్కడైనా చూస్తున్నదే. ఈ ముద్ర వృత్తికి మేలు కన్నా కీడే ఎక్కువ చేసిందని నా అభిప్రాయం.

రెండు గంటలకోసారి

మొదటి ప్రపంచ యుద్ధంలో నర్సు ఎంత మారిందో తెలియాలంటే ఓటు దగ్గర మొదలెట్టకూడదు, గాయం దగ్గర మొదలెట్టాలి. ఫ్రాన్స్, బెల్జియం యుద్ధరంగంలోని పొలాలు తరతరాలుగా పశువుల ఎరువు పోసినవి. ఆ మట్టి, చిరిగిన యూనిఫాం పీలికలతో కలిసి తూటాముక్కతో పాటు కండలోకి దిగేది. దాంతో గ్యాస్ గ్యాంగ్రీన్, ధనుర్వాతం. పెన్సిలిన్ ఇంకా కనిపెట్టలేదు. సర్జన్ అలెక్సిస్ కారెల్, రసాయన శాస్త్రవేత్త హెన్రీ డేకిన్ ఒక పద్ధతి కనిపెట్టారు. గాయాన్ని విశాలంగా కోసి, చచ్చిన కండ తీసేసి, లోతుల్లోకి చిల్లులున్న సన్నటి రబ్బరు గొట్టాలు పెడతారు. వాటిగుండా సుమారు అర శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణాన్ని రెండు గంటలకోసారి వదలాలి, రాత్రనక పగలనక.

వదలాల్సింది నర్సు. ద్రావణం గాఢత ఎక్కువైతే కండ కాలుతుంది, తక్కువైతే సూక్ష్మజీవి చావదు, పాతబడితే అసలు పనిచేయదు. చుట్టూ చర్మం పాడవకుండా వాజిలిన్ పూసిన గుడ్డలు సర్దాలి. గొట్టం ఎక్కడ మూసుకుపోయిందో చూడాలి. గాయం నుంచి తీసిన నమూనాలో సూక్ష్మజీవుల సంఖ్య తగ్గుతోందా లేదా అన్నదాన్ని బట్టే సర్జన్ కుట్లు వేసేది. ఒక్కో వార్డులో ఇలాంటి మంచాలు వరసగా ఉంటే, ఆ రెండు గంటల చక్రం ఎక్కడా తెగకుండా తిప్పడానికి ఎంత శాస్త్రజ్ఞానం, ఎంత ఓర్పు కావాలి! డాక్టరు చెప్పింది చేసే మనిషి అన్న పాత నిర్వచనం ఈ మంచాల పక్కన నిలవలేదు. మత్తుమందు సంగతీ అంతే. క్లీవ్‌లాండ్ నుంచి ఫ్రాన్స్ వెళ్లిన నర్సు ఆగథా హాజిన్స్ అక్కడ మత్తు ఇవ్వడమే కాక ఇతరులకూ నేర్పింది. 1931లో అమెరికా నర్సు అనస్థటిస్టుల సంఘం పెట్టింది ఆమే.

బ్రిటన్‌లో ఇదే సమయంలో శిక్షణ నర్సులకు కొత్త ఆందోళన మొదలైంది. వీఏడీ అనే స్వచ్ఛంద సహాయ దళాల పేరుతో సంపన్న కుటుంబాల అమ్మాయిలు వేలాదిగా వార్డుల్లోకి వచ్చారు. కొద్దిపాటి ప్రథమ చికిత్స తరగతులే వాళ్ల చదువు. వెరా బ్రిటన్ ఆక్స్‌ఫర్డ్ చదువు వదిలి అలా వచ్చినవారిలో ఒకరు. వాళ్ల కష్టాన్నీ, పోగొట్టుకున్న ఆత్మీయులనూ తక్కువ చేయలేం. కానీ మూడేళ్లు వార్డుల్లో గడిపి సర్టిఫికెట్ తెచ్చుకున్న నర్సుకూ, నెలల శిక్షణతో అదే రకం యూనిఫాం తొడుక్కున్న అమ్మాయికీ జనానికి తేడా తెలియలేదు. పత్రికల్లో, పోస్టర్లలో కనిపించేది ఎక్కువగా రెండో ఆమే. యుద్ధం ముగిశాక వీళ్లంతా నర్సులమని చెప్పుకుంటే తమ బతుకేమిటన్న భయం రిజిస్ట్రేషన్ ఉద్యమానికి బలం పోసింది. 1916లో కాలేజ్ ఆఫ్ నర్సింగ్ ఏర్పడింది. ఫెన్విక్ వర్గానికీ దానికీ పడకపోయినా చట్టం కావాలన్నది ఇద్దరి మాటా. 1919లో చట్టం వచ్చింది. రిజిస్టరులో మొదటి పేరు ఫెన్విక్‌దే. అప్పటికి న్యూజీలాండ్ 1901లోనే ఇలాంటి చట్టం చేసి ఉంది, ఏ ప్రపంచ యుద్ధమూ లేకుండా.

స్త్రీల హక్కుల ఉద్యమం మాత్రం ఈ యుద్ధాన్ని చాలా తెలివిగా వాడుకుంది. ఎడిన్‌బరో డాక్టర్ ఎల్సీ ఇంగ్లిస్ ఆస్పత్రి పెడతానని వెళ్తే ఇంటికెళ్లి కూర్చోమన్నారట యుద్ధశాఖ వాళ్లు. ఆమె ఓటుహక్కు సంఘాల చందాలతో స్కాటిష్ విమెన్స్ హాస్పిటల్స్ నెలకొల్పింది. డాక్టర్లు, నర్సులు, డ్రైవర్లు అందరూ స్త్రీలే. బ్రిటన్ వద్దన్నా ఫ్రాన్స్, సెర్బియా రమ్మన్నాయి. ఫ్రాన్స్‌లోని రాయమాంట్ మఠంలో వాళ్ల ఆస్పత్రి యుద్ధం చివరిదాకా నడిచింది. సెర్బియాలో టైఫస్ జ్వరం వాళ్లలో కొందరిని బలి తీసుకుంది. లండన్‌లో ఫ్లోరా మర్రే, లూయిజా గారెట్ ఆండర్సన్ నడిపిన ఎండెల్ స్ట్రీట్ మిలిటరీ ఆస్పత్రి ఇంకో అడుగు ముందుకేసింది. అంతకుముందు ఓటు కోసం ఆందోళన చేసినవాళ్లే వాళ్లిద్దరూ. మాటలు కాదు చేతలు అన్న ఉద్యమ నినాదాన్నే ఆస్పత్రి నినాదంగా పెట్టుకున్నారు. 570 పైచిలుకు పడకలు, దాదాపు పూర్తిగా స్త్రీల సిబ్బంది.

1918 ఫిబ్రవరిలో బ్రిటిష్ స్త్రీలకు ఓటు వచ్చింది. ముప్పై ఏళ్లు నిండి, ఆస్తి అర్హత ఉన్నవాళ్లకు మాత్రమే. సుమారు 84 లక్షల మంది. గాయాల పక్కన రాత్రుళ్లు గడిపిన ఇరవై రెండేళ్ల అమ్మాయికీ, మందుగుండు ఫ్యాక్టరీలో చర్మం పసుపు పచ్చగా మారిన అమ్మాయికీ అందులో చోటు లేదు. వాళ్లు 1928 దాకా ఆగాల్సి వచ్చింది. సేవకు బదులుగా ఇచ్చిన ఓటే అయితే ముందు ఇవ్వాల్సింది వాళ్లకే కదా! ఓటర్లలో ఆడవాళ్ల సంఖ్య మగవాళ్లను మించకూడదన్న లెక్కే ఆ వయసు గీత గీసింది. అయినా అసలు ఆ గీత దగ్గరికైనా చేర్చింది దశాబ్దాల ఉద్యమం. యుద్ధం చేసిందల్లా, ఆడవాళ్లకు దేశభారం మోసే శక్తి లేదన్న వాదనను నోరెత్తకుండా చేయడం.

ఎడిత్ కావెల్ గురించి ఒక్క మాట. బ్రసెల్స్‌లో 1907 నుంచి ఆమె బెల్జియం తొలితరం శిక్షణ నర్సులను తయారుచేస్తోంది. సుమారు రెండు వందల మంది మిత్రపక్ష సైనికులను సరిహద్దు దాటించినందుకు 1915 అక్టోబరు 12న జర్మన్ సైన్యం ఆమెను కాల్చి చంపింది. ఆమె బొమ్మతో బ్రిటన్ సైన్యంలో చేరమని పోస్టర్లు వేశారు. ఆమె నిజంగా కట్టిన శిక్షణాలయం సంగతి ఆ పోస్టర్లలో లేదు. త్యాగమూర్తిని చేయడం ప్రభుత్వాలకు తేలిక, ఆ మనిషి చేసిన పనికి విలువ కట్టడమే కష్టం.

హోదా

అమెరికా నర్సులు మొదటి యుద్ధంలో 21 వేల మందికి పైగా సైన్యంలో పనిచేశారు. వాళ్లు ఆఫీసర్లు కారు, సిపాయిలూ కారు. మందు టైముకు ఇవ్వమనో, వార్డు శుభ్రం చేయమనో నర్సు ఆర్డర్లీకి చెబితే వినాలన్న నియమం లేదు. వినకపోతే రోగికి ప్రమాదం. కెనడా నర్సులకు లెఫ్టినెంట్ హోదా అప్పటికే ఉంది. 1917లో యుద్ధరంగం నుంచే జాతీయ ఎన్నికల్లో ఓటేసిన తొలి కెనడా స్త్రీలు కూడా ఆ నర్సులే. ఆ ఉదాహరణ చూపించే అమెరికాలో ఓటుహక్కు నాయకురాలు హ్యారియట్ స్టాంటన్ బ్లాచ్ తదితరులు నర్సుల హోదా కోసం ప్రచారం నడిపారు. 1920లో సాపేక్ష హోదా అన్నది ఇచ్చారు. భుజం మీద చిహ్నం వచ్చింది గానీ, అదే హోదా మగ ఆఫీసరుకిచ్చే జీతం రాలేదు. పూర్తి హోదా తాత్కాలికంగా 1944లో, శాశ్వతంగా 1947లో వచ్చింది. ఆ లోగా, రెండో ప్రపంచ యుద్ధంలో, ఫిలిప్పీన్స్‌లో జపాన్ సైన్యం చేతికి 77 మంది అమెరికన్ నర్సులు చిక్కి, మూడేళ్ల దాకా నిర్బంధ శిబిరాల్లో ఆకలితో మాడుతూ కూడా తోటి బందీలకు ఆస్పత్రి నడిపారు. బంకా ద్వీపంలో 1942 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా నర్సులను సముద్రంలోకి నడిపించి వెనకనుంచి కాల్చారు. 22 మందిలో బతికింది వివియన్ బుల్‌వింకెల్ ఒక్కతే.

ఆ యుద్ధంలోనే నర్సుల కొరత ఎంతగా ఉన్నా నల్లజాతి నర్సులను అమెరికా సైన్యం వేళ్లమీద లెక్కపెట్టి తీసుకుంది. 1941లో పెట్టిన కోటా 56 మంది. మేబెల్ స్టాపర్స్ నల్లజాతి నర్సుల సంఘం తరఫున ఏళ్ల తరబడి పోరాడింది. 1945 జనవరిలో అధ్యక్షుడు రూజ్వెల్ట్ నర్సులను నిర్బంధంగా చేర్చుకునే చట్టం తేవాలనడంతో ఆమెకు అవకాశం దొరికింది. వేలమంది నల్లజాతి నర్సులు సిద్ధంగా ఉండగా నిర్బంధం ఎందుకని బహిరంగంగా నిలదీసింది. ఆ నెలలోనే కోటా పోయింది. నేను మొదట చెప్పిన మాటకు ఇంత చక్కటి రుజువు ఇంకొకటి కనిపించదు. అవసరం తెరిచిన ఆ కాస్త సందులో ఆమె సిద్ధంగా నిలబడి ఉంది.

మన వైపు

భారతదేశానికి మిలిటరీ నర్సింగ్ వచ్చింది 1888లో. ఆ ఏడాది పదిమంది నర్సులు బొంబాయిలో దిగారు. వాళ్లు వచ్చింది బ్రిటిష్ సిపాయిల కోసం, మనవాళ్ల కోసం కాదు. మొదటి యుద్ధంలో ఫ్రాన్స్‌లో గాయపడ్డ మన సిపాయిలను ఇంగ్లండులోని బ్రైటన్ రాజప్రాసాదంలో ఉంచి వైద్యం చేసినప్పుడు, తెల్ల నర్సులు వాళ్లను తాకి సేవ చేయరాదని ఆంక్ష వచ్చింది. ఒక భారతీయ వీరుడి మంచం పక్కన నర్సు నిలబడ్డ ఫొటో పత్రికలో రావడమే దుమారమైంది. గాయం ఒక్కటే అయినా చెయ్యి ఎవరిదో సామ్రాజ్యం నిర్ణయించింది. భారతీయ సైనికుల కోసం మిలిటరీ నర్సింగ్ సర్వీసు 1926లో గానీ నిలదొక్కుకోలేదు. 1943లో ఆర్డినెన్సుతో అది సైన్యంలో భాగమైంది, నర్సులు కమిషన్డ్ ఆఫీసర్లయ్యారు.

ఇక్కడ ఓటుకూ యుద్ధ సేవకూ ముడి లేదు. తెలుగు జిల్లాలు కలిసి ఉన్న మద్రాసు రాష్ట్రంలో 1921లోనే ఆస్తి అర్హతతో స్త్రీలకు ఓటు వచ్చింది. అది మహిళా సంఘాల కృషి. నర్సుల రిజిస్ట్రేషన్ కూడా 1926 చట్టంతో మద్రాసుకు వచ్చింది, యుద్ధ ఒత్తిడి లేకుండానే. మన దగ్గర అడ్డు వేరు. పరాయి మగవాణ్ణి ముట్టుకోవడం, మలమూత్రాలెత్తడం, రాత్రి డ్యూటీ చేయడం అన్నవి అగ్రకుల కుటుంబాలకు కులం, పరువు పోయే పనులు. అందుకే తొలితరం నర్సుల్లో అత్యధికులు క్రైస్తవ స్త్రీలు, మిషన్ ఆస్పత్రుల్లో శిక్షణ పొందినవాళ్లు. గుంటూరులో అన్నా కుగ్లర్ పెట్టిన ఆస్పత్రి వంటివి తెలుగునాట ఎందరో పేదింటి పిల్లలకు తెల్ల చీర, సొంత జీతం, ఊళ్లో గౌరవం ఇచ్చాయి. సమాజం ఏ పనిని అంటరానిదన్నదో ఆ పనితోనే వాళ్లు నిలబడ్డారు. దీని చరిత్ర ఇంకా సరిగ్గా రాయలేదన్నది నా బాధ.

రెండో యుద్ధం మాత్రం దేశాన్ని ఒక నిజం ముందు నిలబెట్టింది. దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించడానికి 1943లో నియమించిన భోర్ కమిటీ 1946లో ఇచ్చిన నివేదిక ప్రకారం బ్రిటిష్ ఇండియా మొత్తంలో నర్సులు సుమారు 7,000. అంటే 43,000 మందికి ఒక్కరు. డాక్టర్ల లోటు కన్నా నర్సుల లోటు ఎన్నో రెట్లు పెద్దది. ఆ ఏడాదే ఢిల్లీలో, వేలూరులో డిగ్రీ కోర్సులు మొదలయ్యాయి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం 1947 డిసెంబరులో వచ్చింది.

అయినా సైన్యంలోని నర్సు మీద పాత షరతు పోలేదు. 1977 నాటి ఆర్మీ ఉత్తర్వు ఒకటి, పెళ్లి చేసుకుంటే మిలిటరీ నర్సును తొలగించవచ్చంది. పెళ్లి చేసుకున్న మగ ఆఫీసరుకు అలాంటిదేమీ లేదు. అమెరికా సైన్యం ఇలాంటి నిబంధనను 1942లోనే ఎత్తేసింది, మనం ఎత్తేసింది 1995లో. ఆ లోపు, 1988లో ఉద్యోగం పోగొట్టుకున్న ఒక నర్సు కేసులో 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ నిబంధనను ఏకపక్షమని, స్త్రీ గౌరవానికి భంగమని తేల్చి, 60 లక్షల రూపాయల పరిహారం ఇమ్మంది.

2020లో కోవిడ్‌ను ప్రభుత్వాలే యుద్ధమన్నాయి. మే 3న సాయుధ దళాలు హెలికాప్టర్ల నుంచి ఆస్పత్రుల మీద పూలు చల్లాయి. ఆ ఏడాదిలోనే హైదరాబాద్‌లో ఔట్‌సోర్సింగ్ నర్సులు తమను రెగ్యులర్ చేయాలని, జీతం పెంచాలని అడుగుతూ రోడ్డెక్కారు. వాళ్లు అడిగిందేదీ కొత్తది కాదు. 2016లోనే సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ, ప్రైవేటు ఆస్పత్రిలో ఎంత చిన్న చోటైనా నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని చెప్పింది. అమలు రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారు. కేరళ 2018 ఏప్రిల్‌లో ఆ 20,000ను కనీస వేతనంగా నోటిఫై చేసింది. దానికి ముందు అక్కడి ప్రైవేటు నర్సులు 2011లో సంఘం కట్టుకుని, ఏడేళ్ల పాటు జిల్లా జిల్లాకూ సమ్మెలు నడిపారు.